పుట్టింట్లో దిగబెట్టిన రాక్షసుడు

కర్నూలు పాతబస్తీలో మేమున్న సందులో కొన్నాళ్లపాటు ఒక రాక్షసుడికి చాలా మంచి పేరుండేది. మొగుళ్ల మీద కోపం వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు వాణ్ణి తలచుకునేవాళ్లు. "వానికుండే బుద్ధిలో సగం నీకుంటే నా బతుకు బాగుపడు" అని ఒకామె వాళ్లాయనను వాకిట్లో నిలబెట్టి అనడం నా చెవులతో విన్నాను. ఆ పెద్దమనిషికి 'వాడు' ఎవడో అర్థం కాక, సందులో ఒక్కొక్క గడపకేసి అనుమానంగా చూసుకుంటూ పనికి పోయాడు. ఆ రాక్షసుణ్ణి పుట్టించింది మా పక్కింటి ఖాలా. చంపింది మా అమ్మ.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఊరి మీదికి ఉన్నట్టుండి గుడారాలు, జీపులు, మాటకొక "అండీ" తగిలించే సర్కారు జిల్లాల మనుషులు వచ్చి పడ్డారు. ఎద్దులను కట్టేసే కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిచ్చుకున్నారు మా ఊరివాళ్లు. అట్లా వచ్చినవాళ్లలో ఒకాయన ఆఫీసులకు పోయే దారిలో చెక్కలు కొట్టి పుస్తకాల అంగడి పెట్టాడు. ముందర తాడు కట్టి, దాని మీద పత్రికలను బట్టలు ఆరేసినట్టు ఆరేసేవాడు. కొనేవాళ్లకంటే సైకిలు స్టాండు వేసి, నిలబడి, ఉత్తపుణ్యానికి చదివిపోయేవాళ్లే ఎక్కువ. అందరూ మగవాళ్లే. ఏ ఆడమనిషికైనా పుస్తకం కావలసివస్తే జట్కాలోనే కూర్చుని జట్కా తోలే అతన్ని పంపించేది. ఆడవాళ్లు రాకూడదని బోర్డేమీ లేదు. బోర్డు లేకపోయినా అందరికీ తెలిసే సంగతులు మా ఊళ్లో చాలా ఉండేవి.

మా నాయన జౌళి అంగట్లో గుమాస్తా. నేను చదువులో చురుకైనదాన్నని మా పంతులమ్మ ఎవరితోనో అంటే ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ పొంగులో నెలనెలా ఆ అంగడి నుంచి నాకొక బొమ్మల కథల పుస్తకం తేవడం మొదలుపెట్టాడు. మద్రాసులో అచ్చయ్యేది. పేజీకి రెండు వరుసలు, వరుసకు మూడు బొమ్మలు, బొమ్మ కింద ఒక ముక్క కథ. బొమ్మలోని మనుషులు మాట్లాడితే ఆ మాటలు వాళ్ల నోటి దగ్గర ఒక బుడగలో ఉండేవి. ఆ బుడగను మొదటిసారి చూసి మా జేజి, అంటే మా నాయనమ్మ, "ఇదేందే, రాజు కూతురు చుట్ట తాగుతాండాది!" అంది. ఆక్షేపించి అన్న మాట కాదు. అన్నం తిన్నాక దొడ్లో గోడచాటున ఆమె కూడా ఒకటి వెలిగించేది. రాజుల ఇండ్లలోనూ ఆ అలవాటు ఉందని తెలిసి సంతోషపడింది. అది పొగ కాదు జేజీ, మాట అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. "సరేలే, ఆ పొగలో ఏముండాదో సదువు" అనేది.

అమ్మకు అక్షరాలు రావు. ఆమెది కడప జిల్లా వేంపల్లె. పెళ్లయి కర్నూలుకు వచ్చినాక పుట్టింటి ముఖం చూసింది తక్కువ. వానలు లేని ఏడు పోతే వాళ్లకు మనం భారం. వానలు పడిన ఏడు పోతే వాళ్లకు సేద్యం పనులు. రెండూ కాని ఏడు నాయనకు అంగట్లో తీరదు. మా సీమలో అన్నిటికీ కరువు గాని సాకులకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు. అమ్మ అడిగీ అడిగీ మానుకుంది. తనకని ఏదైనా అడగడమే ఆమెకు అలవాటు తప్పిపోయింది. పుస్తకం సంగతీ అంతే. అది వచ్చేది నాకు. నాయన అంగడి నుంచి రాగానే "ఇదో, పిల్లకు" అని ఇచ్చేవాడు. నేను గట్టిగా చదవడం మొదలుపెట్టగానే అమ్మకు సరిగ్గా నా పక్కనే ఏదో ఒక పని తగిలేది. కథ అయిపోయేదాకా ఆ పని అయ్యేది కాదు. అంతేగాని "నాకు చదివి వినిపించు" అని ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు.

మధ్యాహ్నాలు మా వసారాలో సందులోని ఆడవాళ్లు చేరి బుడ్డలు వలిచేవాళ్లు. వేరుశనక్కాయలను మేము బుడ్డలంటాం. చేతులు పని చేస్తూ ఉంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి కదా, ఊరి రంకులన్నీ అక్కడే తేలేవి. పక్కింటి ఖాలా కూడా దొడ్డిదారిన వచ్చి కూర్చునేది. ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్నమ్మ. వాళ్ల అక్క పిల్లలు అట్లా పిలుస్తుంటే విని మేమూ అట్లే పిలిచేవాళ్లం. ఆమెకు వాళ్ల నాయన ఇంట్లోనే ఉర్దూ నేర్పించాడు. తెలుగు గడగడ మాట్లాడేది గాని చదవలేదు. అయినా ఆ వసారా మొత్తానికి చదువొచ్చిన మనిషి ఆమె ఒకతే. ఒకనాడు నేను బడికి పోయి ఉండగా, గూట్లో కొత్త పుస్తకం చూసి మా జేజి దాన్ని తీసి ఖాలా చేతిలో పెట్టిందట. "అచ్చరాలు మాకూ రావు, నీకూ రావు. సదువుకున్నదానివి, బొమ్మలు సూసి కథ జెప్పు" అందట. ఖాలా చేతులు తుడుచుకుని, బిస్మిల్లా అనుకుని, కథ మొదలయ్యే పేజీ తెరిచింది. ఉర్దూ కితాబు ఎట్లా చదువుతారో అట్లాగే, కుడి నుంచి ఎడమకు చదివింది.

నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో అందరూ కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఎవరు పోయారని అడిగాను.

"ఎవరూ పోలేదే. సంతోషానికి ఏడుస్తాండాం" అంది జేజి. "ఆ రాక్షసుడు సూడు, ఎంత మంచోడో! ఆ పిల్లను భుజం మీద ఎత్తుకోని, కొండలు దాటించి, తెచ్చి పుట్టింట్లో దిగబెట్టినాడే!"

నేను పుస్తకం లాక్కుని చూశాను. పై వరుసలో మొదటి బొమ్మలో రాజకుమారి తల్లి పక్కన కూర్చుని పూలు కడుతోంది. రెండో బొమ్మలో రాక్షసుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మూడో బొమ్మలో ఆమెను భుజాన వేసుకుని కొండల మీదుగా ఎగిరిపోతున్నాడు. ఖాలా మూడో బొమ్మతో మొదలుపెట్టింది. అట్లా చూస్తే వాడు పిల్లను కొండలు దాటించి తెచ్చి, చెయ్యి పట్టి మెల్లిగా దించి, తల్లి పక్కన కూర్చోబెట్టాడు. కింది వరుసలో రాక్షసుడు పిల్లను గుహలో వేసి బండ అడ్డం పెట్టాడు. తర్వాత పళ్లెంలో అన్నం తెస్తే ఆమె ముఖం తిప్పుకుంది. చివరికి వాడు గుహ ముందర పడుకుని గురక పెట్టాడు. ఖాలా లెక్కలో అది పుట్టింటికి తెచ్చే దారిలో జరిగిన సంగతి. వాడు నిద్ర లేచి, స్వయంగా అన్నం వండి తెచ్చి, "తిని పండుకోమ్మా, గాలి తగలకుండా తలుపు మూస్తా" అని బండ జరిపి పోయాడు. మొగవాడు వండి పళ్లెం అందించడం ఆ వసారాలో ఎవరూ ఎన్నడూ చూడని వింత. వాళ్లు ఏడ్చారంటే ఏడవరా మరి?

నాకు ఒళ్లు మండింది. ఇంటికంతా చదువొచ్చినదాన్ని నేను. నేను లేనప్పుడు నా పుస్తకం తీసి, కథను తలకిందులు చేసి, పైగా ఏడుస్తారా? బొమ్మల కింది వాక్యాలు గట్టిగా, ఒక్కొక్క ముక్కా నొక్కి చదివాను. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయెను. రాజకుమారి కేక వేసెను.

"కేక వేసిందా? ఏమని?" అంది ఖాలా తొణక్కుండా.

రెండో బొమ్మలో బుడగ ఉంది. దాంట్లో ఒక్కటే మాట. చదవక తప్పలేదు. "అమ్మా!" అని చదివాను.

"సూస్తిరా!" అని ఖాలా తొడ చరిచింది. "అమ్మీజాన్‌ను సూసింది, సంతోషంగా పిలిచింది. ఎత్తుకపోతే 'దొంగా' అంటుంది గాని 'అమ్మా' అంటుందా?"

అందరూ అవునన్నారు. "మరి కింద అచ్చు వేసినదాని సంగతేంది?" అన్నాను ఏడుపుగొంతుతో. "అచ్చేసినోళ్లు మగోళ్లు. పుట్టింటికి దిగబెట్టే మగోడు ఉంటాడంటే వాళ్లెట్ల ఒప్పుకుంటారే" అంది జేజి. ఆమె నోట్లో నోరు పెట్టి గెలిచినవాళ్లు లేరు. ఆ సాయంత్రానికే రాక్షసుడి మంచితనం సందు చివరిదాకా పాకిపోయింది.

అమ్మ మాత్రం అందరూ పోయాక పుస్తకం తీసుకుని వాకిట్లో వెలుతురుకు పట్టి, అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూసే చూపు అది. మరునాడు మధ్యాహ్నం అందరి ముందరా పుస్తకం తెరిచి మొదటి బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈడ సూడండి. పూలు కడతాండేటప్పుడు పిల్లకు రెండు చేతులకూ గాజులుండాయి. వాడు చెయ్యి పట్టుకున్న బొమ్మలో కింద గాజుముక్కలు పడినాయి. కొండల మీద పోయేటప్పుడు ఒక చెయ్యి బోసిగా ఉండాది. ఖాలా చెప్పినట్ల అయితే పగిలిన గాజులు మళ్లా అతుక్కోవాల గదా?"

ఖాలా పుస్తకం దగ్గరికి తీసుకుని ఆ ముక్కలను తేరిపార చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "హాయ్ అల్లా! మా కితాబు ఈ పక్క నుంచి పోతుంది. చెయ్యి అలవాటు తల్లీ. నేను పాపం వానికి జన్నతు, అదే మీ స్వర్గం, ఇప్పించేస్తిని" అంది. అందరూ నవ్వారు. నేను కూడా గెలిచినందుకు ఎగిరాను. అమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. "వాడు అట్లాంటోడే అయ్యింటే ఎంత బాగుండు" అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఆ మాటకు నా సంబరం సగం చచ్చింది. నిజం పట్టుకున్నదీ ఆమే, దానికి బాధపడ్డదీ ఆమే.

ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారింది. పుస్తకం రాగానే నన్ను నోరు మూసుకోమని, అమ్మ ముందు బొమ్మలన్నీ తానే చూసి కథ చెప్పేది. "ఇప్పుడు సదువు. నేను చెప్పిందేనా?" అనేది. చాలావరకు అదే అయ్యేది. ఎవరు ఎవరిమీద గుట్టుగా కోపంగా ఉన్నారో, ఏ మంత్రి మోసగాడో, నేను చదవకముందే ఆమెకు తెలిసిపోయేది. కళ్లు వేసిన తీరులో ఉందట. అక్షరాల్లో ఇంకోలా ఉంటే "బొమ్మ వేసినాయన పరధ్యానంగా వేసినాడు" అనేది గాని తాను తప్పు చూశానని ఒప్పుకునేది కాదు. ఖాలా తన అలవాటు మానలేదు. "ఒక్క కితాబులో రెండు కథలు, దుడ్లు కలిసొచ్చినట్టే" అని ముందు కుడి నుంచి ఒకసారి చదివి, అందరినీ నవ్వించి, ఆ తర్వాతే ఎడమ నుంచి వినేది. బుడ్డలు వలవడం ఆ నెలల్లో బాగా వెనకబడింది.

అంతా సవ్యంగా జరుగుతూ ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. బడి మాన్పించలేదు, అది నాయన గొప్పతనమే. కానీ బొమ్మల పుస్తకం మాన్పించాడు. "ఇంగ పెద్దపిల్లయింది. బొమ్మలేంది? పాఠాలు సదువుకోనీ" అన్నాడు. కసిగా అన్న మాట కాదు. పిల్లకు చొక్కా పొట్టిదైపోతే తీసేసినంత సులువుగా అన్నాడు. ఇంట్లో ఆ పుస్తకం చదివే మనిషి ఇంకొకరు ఉన్నారని ఆయన ఊహకే అందలేదు. నాకు కోపం వచ్చింది గాని, హైస్కూలు పుస్తకాల్లో పడి నెమ్మదిగా తేరుకున్నాను. అమ్మ తేరుకోలేదు.

ఎందుకంటే ఆ రాక్షసుడి కథ నెలనెలా సాగేది. ఆఖరిగా వచ్చిన పుస్తకంలో రాజకుమారి చీరచెంగులు ముడివేసి తాడు చేసుకుని గుహ నుంచి కొండ వాలుకు దిగుతోంది. సగం దూరం దిగింది. పైన ముడి జారుతోంది. కింద రాళ్లు. తరువాయి వచ్చే నెల అన్నారు, మా ఇంటికి వచ్చే నెల రాలేదు. ఖాలాకు ఏ బెంగా లేదు. ఆమె లెక్కలో ఆ పిల్ల పైకి ఎక్కి గుహలో సుఖంగా పడుకుంది. అమ్మ మాత్రం జొన్నరొట్టె కొడుతూ కొడుతూ చెయ్యి ఆపేసి "ఆ పిల్ల ఇంగా ఆడనే వేలాడతాండాది" అనేది. మరుసటి నెల పుస్తకమూ రాలేదు. రొట్టె మీద దెబ్బలు ఎక్కువయ్యాయి. గిన్నెలు చప్పుడు చేయసాగాయి.

"అడగరాదా వాణ్ణి" అంది జేజి. ఆ 'వాడు' తన కొడుకే.

"ఏమని అడగాలత్తా? బొమ్మల పుస్తకం కావాలనా? నవ్విపోతారు" అంది అమ్మ. చెప్పి ఊరుకోలేదు, ముక్కు చీదింది. నాకు అప్పుడు తెలిసింది అది ఎంత పెద్ద సంగతో. నేను వదిలేసిన ఆట అనుకున్నది ఆమెకు ఉన్న ఒకే ఒక్క పుస్తకం.

దానికి తోడు రాజధాని హైదరాబాదుకు పోతుందని ఊళ్లో గుప్పుమంది. గుడారాలు ఎత్తేస్తున్నారు, సర్కారువాళ్లు సామాన్లు కట్టుకుంటున్నారు. పుస్తకాల అంగడాయన కూడా రేపో మాపో పోతాడని నాయనే అన్నాడు, అన్నం తింటూ, ఎండలు ముదిరాయి అన్నట్టు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ వారంలోనే ఖాలా వాళ్ల చెల్లెలు ఆస్పత్రిలో బిడ్డను కంది. చూడటానికి పోతూ అమ్మను, నన్ను తోడు రమ్మంది. జట్కాకు పరదా కట్టించింది. వచ్చేటప్పుడు అమ్మ జట్కా అతనితో "ఆఫీసుల దావన పోనియ్యప్పా" అంది. అది చుట్టుదారి. ఎందుకని ఖాలా అడగలేదు, నేనూ అడగలేదు.

అంగడి ముందర బండి ఆగింది. తాడు మీద పుస్తకాలు గాలికి ఆడుతున్నాయి. ముందు వరుసలో మాదే, కొత్త నెలది. ఎప్పటిలాగే మగవాళ్లు నిలబడి చదువుతున్నారు. అమ్మ నా చేతిలో చిల్లర పెట్టింది. నేను పోయి అడిగాను.

అంగడాయన నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "మీ నాన్నగారు పాపకి ఇక ఇవ్వొద్దని చెప్పి వెళ్లారమ్మా. పెద్దదానివయ్యావట కదా, పాఠాలు చదువుకో తల్లీ" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ చుట్టూ ఉన్న మగవాళ్లంతా తలలెత్తి నన్ను చూశారు. నా చెవులు కాలిపోయాయి. వెనక్కు వచ్చి జట్కా దగ్గర నిలబడి, చిల్లర తిరిగిచ్చి, చెప్పాను. "పోనీలే బేటీ, వాపస్ పోదాం" అంది ఖాలా పరదాలోంచి.

అమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని బండి దిగింది. దిగి నేరుగా నడిచింది, వెనకే నేను. ఆమె వస్తుంటే మగవాళ్లు ఏం చేయాలో తెలియక సైకిళ్లు పక్కకు తీసుకున్నారు. ఒకాయన చదివే పత్రికను మడిచి వెనక దాచుకున్నాడు, అది ఆమెదే అయినట్టు. అమ్మ తాడు మీది పుస్తకం వైపు వేలు చూపించింది.

"అది."

"పాపకాండీ? పాపకి వద్దని మీవారే..."

"పిల్లకు గాదు."

"మరి ఎవరికండీ?"

నాకు బుర్రనిండా అబద్ధాలు తయారుగా ఉన్నాయి. వేంపల్లెలో మేనమామ కొడుకుకని, పక్కింటి పిల్లలకని. ఒకటి అందించబోయాను కూడా. అమ్మ నా వైపు చూడనే లేదు.

"నాకు" అంది.

ఆయనకు వినపడలేదో, విని నమ్మలేదో, "ఎవరికండీ?" అని మళ్లీ అడిగాడు.

"నాకప్పా! నాకే!"

గట్టిగా అంది. జట్కా అతను కూడా తిరిగి చూశాడు. మీ నాయనకు, మీ జేజికి, పిల్లకు, వచ్చినోళ్లకు, దేవునికి అని అమ్మ అనగా వినడమే నాకు అలవాటు. 'నాకు' అన్న మాట ఆమె నోట వినడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆ వయసులో తెలియలేదు గాని, తిరిగాయి.

"మీరు చదువుతారాండీ?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"అచ్చరాలు సదవను. బొమ్మలు సదువుతా. పోయిన నెలది గూడా ఉంటే ఇయ్యి, ఆ పిల్ల నడుమ దావలో వేలాడతాండాది."

ఆయన ఎగాదిగా చూసి, లోపలికి పోయి, కట్టలు విప్పి, పోయిన నెలది వెతికి దుమ్ము దులిపి తెచ్చాడు. అమ్మ రెండూ అక్కడే తిప్పి, అవేనని నిర్ధారణ చేసుకుని, డబ్బిచ్చి, వచ్చినంత నిదానంగా వెనక్కు వచ్చి బండెక్కింది. ఎక్కినాక ఖాలా ఆమె చేతులు పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, చిన్నపిల్ల మాదిరి.

జట్కా కదిలింది. ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలని నాకూ ప్రాణం పీకుతోంది. పుస్తకం కోసం చెయ్యి చాచాను. ఆ చేతి మీద ఒక్కటి వేసింది అమ్మ.

"నీకెందుకే బొమ్మలు? పెద్దదానివైతివి గదా, ఇంటికి పోయి పాఠాలు సదువుకో" అని, నాకు వీపు తిప్పి కూర్చుని మొదటి పేజీ తెరిచింది.